తప్పెట దెబ్బకు వెలిగే నడికట్టు: ఖద్దరు నేతలో సర్క్యూట్ ఇమిడేదెలా?

ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు ఆడే కళాకారుడికి గుండెల మీద తప్పెట, కాళ్లకు గజ్జెలు, నడుముకు రంగుల కట్టు ఉంటాయి. రేకుతో చేసిన ఆ తప్పెట మీద అరచేతులు పడుతుంటే పాట, అడుగు, గంతు అన్నీ ఆ లయలోనే నడుస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రాత్రిపూట ఆట కట్టినప్పుడు ప్రతి దెబ్బకూ నడికట్టు ఒక్క క్షణం వెలిగేలా చేయాలంటే కావలసిన ఎలక్ట్రానిక్స్ చాలా తక్కువ. ఆరు ఎర్ర ఎల్‌ఈడీలు, ఒక చిన్న చిప్పు, ఒక ట్రాన్సిస్టర్, మూడు సెల్లు ఉంటే చాలు. చిక్కంతా బట్ట దగ్గరే వస్తుంది.

మామూలుగా జరిగేది ఏమిటంటే, తయారైన బట్ట తెచ్చి దాని మీద బజారులో దొరికే ఎల్‌ఈడీ స్ట్రిప్పు అంటిస్తారు. నడుము వంగిన చోట స్ట్రిప్పు వంగదు. నాలుగు ఆటలయ్యేసరికి సోల్డర్ అతుకులు విరుగుతాయి. చెమట పట్టిన బట్టను ఉతకడం కుదరదు, ఉతక్కుండా మళ్లీ కట్టుకోవడమూ కుదరదు. బట్టనూ సర్క్యూట్‌నూ వేర్వేరుగా ఆలోచించడం వల్లే ఇదంతా. పడుగు (బట్ట పొడవునా ఉండే నిలువు పోగులు) తోడేటప్పుడే కరెంటు ఏ పోగులో వెళ్లాలో నిర్ణయించుకుంటే వీటిలో సగం సమస్యలు పుట్టవు. మిగిలిన సగానికి ఒకటే నియమం: చిప్పు, సెల్లు బట్ట నుంచి విడిగా ఊడి రావాలి.

లోహపు పోగుతో నేయడం మనకు కొత్త కాదు. 1990లలో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు బట్ట మీద సర్క్యూట్లు కట్టడం మొదలుపెట్టినప్పుడు వాడిన వాటిలో మన దేశంలో నేసిన జరీ ఆర్గంజా పట్టు ఉంది. పట్టుపోగు చుట్టూ పలచటి లోహపు రేకు చుట్టిన పేక (అడ్డపోగు) అందులో ఉంటుంది కాబట్టి ఆ దిశలో కరెంటు పారుతుంది, పట్టు పడుగు దిశలో పారదు. అంటే బట్టలోనే సమాంతరంగా తీగలు పరిచి ఉన్నట్టే. ఆ తర్వాత 2007లో పరిశోధకురాలు లియా బ్యూక్లీ రూపొందించిన లిలీప్యాడ్ ఆర్డుయినో, అంటే బట్టకు కుట్టుకునే చిన్న చిప్పు బోర్డు, బజారులోకి వచ్చింది. దాని అంచుల్లో పెద్ద రంధ్రాలు ఉండటం వల్ల సూదీదారంతోనే సర్క్యూట్ కుట్టగలిగారు. 2017లో గూగుల్, లెవీస్ కలిసి చేతిమడత దగ్గర స్పర్శను గుర్తించే పోగులు నేసిన జాకెట్‌ను అమ్మకానికి పెట్టాయి. 2023లో గూగుల్ దాని యాప్‌ను ఆపేసింది. జాకెట్ బట్ట గట్టిగానే ఉంది, పని మాత్రం పోయింది. చేనేత బట్టకు ఆ గతి పట్టకూడదు. నేతకు పట్టిన శ్రమకు చిప్పు ఆయుష్షు కొలత కాకూడదు.

ఏ నూలు, ఏ లోహం

ఈ జిల్లాల్లో ఖద్దరు అనగానే పొందూరే గుర్తొస్తుంది. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద వడికే అక్కడి సన్ననూలు 100 కౌంటు దాకా వెళ్తుంది. 100 కౌంటు అంటే కిలోమీటరు పొడవు నూలు సుమారు 6 గ్రాములే తూగుతుంది. పోగు మందం దాదాపు 0.09 మిల్లీమీటర్లు. కరెంటు పారే స్టీలు దారం రెండు పేటలదైనా 0.2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ సన్న బట్టలో ఈ దారం వేస్తే పన్నె (మగ్గం మీద పడుగు పోగుల్ని విడదీసే దువ్వెన) పళ్ల మధ్య ఇరుక్కుని పక్క పోగుల్ని కోస్తుంది. కాబట్టి 100 కౌంటు బట్ట జోలికి వెళ్లకపోవడమే మర్యాద. నడికట్టుకు 33 కౌంటు నూలు సరిగ్గా సరిపోతుంది. దాని మందం 0.16 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి స్టీలు పోగు పక్కన ఇమిడిపోతుంది.

లోహపు పోగుల్లో ముందుగా తోచేది జరీ. మల్టీమీటరు (కరెంటు పారుతుందో లేదో చూపే పరికరం) పెట్టి చూడకుండా ఏ జరీనీ నమ్మకూడదు. ఇప్పుడు బజారులో ఎక్కువగా దొరికేది లోహపు పూత పూసిన పాలిస్టర్ జరీ. పైన రంగు లక్క పూత కూడా ఉండటం వల్ల మల్టీమీటర్ ముల్లు కదలదు. రాగి తీగ చుట్టిన జరీలో, అసలు వెండి జరీలో కరెంటు బాగానే పారుతుంది. శాలువాకో, గోడకు వేలాడదీసే బట్టకో అది మంచిదే. ఒళ్లంతా చెమట పట్టే ఆటకు మాత్రం పనికిరాదు. చెమటలో ఉప్పు ఉంటుంది. రెండు జరీ గీతల మధ్య 4 వోల్టులు ఉండి, మధ్యలో ఉప్పునీరు చేరితే ప్లస్ వైపు రాగి కరగడం మొదలవుతుంది. ముందు అంచులో పచ్చటి మరక కనిపిస్తుంది, తర్వాత పోగు తెగుతుంది. వెండి పూసిన నైలాన్ దారానిదీ ఇంచుమించు ఇదే కథ. స్టెయిన్‌లెస్ స్టీలు దారం చెమటకు చాలావరకు తట్టుకుంటుంది. దానికి నిరోధం ఎక్కువ, సోల్డర్ పట్టదు, కొస చీలి వెంట్రుకల్లా లేస్తుంది. ఈ మూడింటికీ విరుగుడు ఉంది కాబట్టి ఎంపిక దానిదే.

మగ్గం మీద

కట్టు వెడల్పు 12 సెంటీమీటర్లు, పొడవు 1.3 మీటర్లు అనుకుందాం. ఒక అంచులో నాలుగు స్టీలు పోగులు ప్లస్ కోసం, అవతలి అంచులో నాలుగు మైనస్ కోసం పడుగులోనే వేయాలి. రెండింటి మధ్య కనీసం 8 సెంటీమీటర్ల నూలు బట్ట ఉంటే చెమట తడిసినా, పోగు కొసలు లేచినా షార్ట్ అయ్యే ప్రమాదం తక్కువ. ఒకే పడుగులో ఐదు కట్లు నేస్తే 6.5 మీటర్ల బట్టకు, పోగు వంపుల్లో పోయేది 8 శాతం, మగ్గం మీద మిగిలిపోయేది 70 సెంటీమీటర్లు కలిపితే ఒక్కో పోగు 7.7 మీటర్లు అవుతుంది. ఎనిమిది పోగులకు సుమారు 62 మీటర్ల స్టీలు దారం కావాలి.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. స్టీలు పోగుల్ని నూలు పోగులతో పాటు ఒకే కర్రకు చుట్టేస్తారు. నూలు లాగితే సాగుతుంది, స్టీలు సాగదు. రెండు మూడు జానల నేత అయ్యేసరికి స్టీలు పోగులు వీణ తీగల్లా బిగిసిపోయి అంచు ముడుచుకుంటుంది. లేదా నూలు బిగిసి స్టీలు వదులై బట్ట మీద ఉచ్చుల్లా లేస్తుంది. అందుకే స్టీలు పోగుల్ని విడిగా కండెలకు చుట్టి, మగ్గం వెనక వేరే కర్ర మీదుగా వదిలి, ఒక్కోదానికి 30 నుంచి 40 గ్రాముల బరువు వేలాడదీయాలి. ఇనుప నట్లు ఆ పనికి చాలు. నేత ముందుకు జరిగే కొద్దీ బరువు పైకి వస్తుంది. అప్పుడు మరికొంత దారం వదలాలి. పడుగుకు గంజి పెట్టడం పూర్తయ్యాకే స్టీలు పోగులు కలపాలి. గంజి పొర పోగు మీద ఎండితే పైకి బాగానే కనిపించినా తాకిడి దగ్గర కరెంటు అందదు.

ఇంకో తేడా మొదటి ఉతుకులో బయటపడుతుంది. నూలు బట్ట కొంచెం కుంచించుకుపోతుంది, స్టీలు కుంచించుకోదు. 1.3 మీటర్ల పొడవులో నూలు 3 శాతం తగ్గినా దాదాపు 4 సెంటీమీటర్ల స్టీలు మిగిలిపోయి అంచంతా అలలు తేలుతుంది. వడికిన నూలు చిలపల్ని (చుట్టల్ని) ముందే వేడినీళ్లలో నానబెట్టి ఆరబెట్టడం వల్ల ఇది చాలా తగ్గుతుంది, పూర్తిగా పోదు. మిగిలిన కొద్దిపాటి వదులును రెండు కొసల్లోకి మెల్లగా జరిపి, కొసలు బిగించే పనిని మొదటి ఉతుకు తర్వాతే చేయాలి.

ప్లస్, మైనస్ అంచుల నుంచి మధ్యలో ఉండే ఎల్‌ఈడీకి కరెంటు తేవడానికి జాందానీ పద్ధతిని మించింది లేదు. మామూలు పేక ఈ అంచు నుంచి ఆ అంచుకు పూర్తిగా వెళ్తుంది. అందులో స్టీలు వేస్తే ప్లస్, మైనస్ రెండూ కలిసిపోతాయి. జాందానీలో బుటా పోగును చిన్న కండెతో చేత్తోనే కావలసినంత మేర వేసి వెనక్కి తిప్పేస్తారు. మామూలు పేక దాని దారిన అది నడుస్తుంది. ఎల్‌ఈడీ రావలసిన ప్రతి చోటా ప్లస్ అంచు నుంచి ఒక స్టీలు చేయి (మధ్యకు చాచిన పేక), మైనస్ అంచు నుంచి ఒక చేయి మూడేసి వరసలు వేసి, మధ్యలో ఒకటిన్నర సెంటీమీటర్ ఖాళీ వదలాలి. పూల బుటా నేర్చిన చేతికి ఇది కొత్త విద్య కాదు. ఇందులో ప్రతి బుటా ఒక తీగ, అంతే. ఒక్క జాగ్రత్త: స్టీలు పేక స్టీలు పడుగును దాటే చోట రెండూ ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి తప్ప కలిసిపోవు. వంగినప్పుడు తాకిడి వదులై దీపం మినుకుమినుకుమంటుంది. బట్ట మగ్గం నుంచి దిగాక ఆ కూడలి దగ్గర అదే స్టీలు దారంతో ఐదారు చుట్లు బిగించి కుట్టాలి. మీటరుతో చూసుకుని, ఆ తర్వాతే గుడ్డ జిగురు ఒక చుక్క పెట్టాలి. జిగురు ముందే పెడితే అది పోగుల మధ్యకు దిగి అడ్డుగోడ అవుతుంది.

మగ్గం అందుబాటులో లేనివాళ్లు నేసిన ఖద్దరు మీద స్టీలు దారాన్ని పరిచి, 5 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున మామూలు దారంతో టాకాలు వేసుకోవచ్చు. తిన్నగా కాకుండా కొంచెం వంకరగా పరిస్తే బట్ట సాగినా తెగదు. నేతంత నున్నగా ఉండదు, పనిలో మాత్రం లోటు లేదు.

నాలుగు పోగులే ఎందుకు

స్టీలు దారం నిరోధం రకాన్ని బట్టి మారుతుంది. కొనగానే ఒక మీటరు పొడవు కొలుచుకోవాలి. మీటరుకు 30 ఓంలు వచ్చిందనుకుందాం. ఆరు ఎల్‌ఈడీలు ఒక మీటరు పొడవునా సమదూరంలో ఉండి, ఒక్కోటి 5 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే మొత్తం 30. ప్లస్, మైనస్ ఒక్కో పోగే ఉంటే చివరి ఎల్‌ఈడీకి చేరేసరికి రానూ పోనూ సుమారు 1 వోల్టు దారంలోనే పోతుంది. మొదటి దీపం బాగా వెలిగి చివరిది వెలవెలబోతుంది. నాలుగు పోగులు పక్కపక్కన ఉంటే నిరోధం నాలుగో వంతు అవుతుంది, నష్టం పావు వోల్టుకు దిగుతుంది. ఒక పోగు తెగినా ఆట ఆగదు, అది ఇంకా పెద్ద లాభం.

నడికట్టు ఆకారమే ఇంకో మేలు చేస్తుంది. కట్టు నడుము చుట్టూ తిరిగి రెండు కొసలూ వెనక కలుస్తాయి, సెల్లుల పెట్టె అక్కడే ఉంటుంది. ప్లస్‌ను ఎడమ కొస నుంచి, మైనస్‌ను కుడి కొస నుంచి అందిస్తే ఏ ఎల్‌ఈడీకైనా ప్లస్ దారి, మైనస్ దారి కలిపి ఒకే పొడవు వస్తుంది. ప్లస్‌కు దగ్గరున్నది మైనస్‌కు దూరం, మైనస్‌కు దగ్గరున్నది ప్లస్‌కు దూరం. దీపానికీ దీపానికీ మధ్య వోల్టేజి తేడా ఒకే కొస నుంచి అందించినప్పటి తేడాలో నాలుగో వంతుకు వస్తుంది. దీనికోసం అదనంగా ఒక్క పోగు కూడా అక్కర్లేదు.

ఎరుపు ఎల్‌ఈడీ వెలగడానికి 1.9 వోల్టుల దరిదాపు చాలు. తెలుపు, నీలం రంగులకు 3 వోల్టుల దాకా కావాలి కాబట్టి సెల్లు కొంచెం తగ్గగానే అవి చల్లారిపోతాయి. మూడు ట్రిపుల్ ఏ సెల్లుల 4.5 వోల్టుల నుంచి 1.9, దారంలో పోయే 0.25 తీసేస్తే మిగిలిన 2.35 వోల్టులకు 5 మిల్లీ ఆంపియర్ల చొప్పున 470 ఓంల రెసిస్టర్ వస్తుంది. ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కోటి పెట్టాలి. ఆరింటికీ కలిపి ఒకటే పెడితే, ఒక దీపం ఊడినప్పుడు మిగతావాటి మీద భారం పెరుగుతుంది. సెల్లు 3 వోల్టులకు పడిపోయినా ఈ లెక్కలో దీపాలు మసగ్గా అయినా వెలుగుతూనే ఉంటాయి.

మామూలు 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ కాళ్లను సన్నమూతి పట్టకారుతో సున్నాలా చుట్టాలి. ప్లస్ కాలిని గుండ్రంగా, మైనస్ కాలిని చదరంగా వంచితే కుట్టేటప్పుడు తికమక ఉండదు. రెసిస్టర్‌ను ప్లస్ కాలికి బల్ల మీదే సోల్డర్ చేసి, దాని రెండో కొసను సున్నా చుట్టాలి. బట్ట మీద సోల్డరింగ్ వద్దు. 300 డిగ్రీలు దాటిన మొన తగిలితే నూలు మాడుతుంది, స్టీలు దారానికి ఆ సీసం ఎలాగూ అంటుకోదు. సున్నాలో నుంచి స్టీలు దారం ఆరేడు చుట్లు బిగించి, ముడి మీద రంగులేని గోళ్ల పాలిష్ వేసి, కొసను 3 మిల్లీమీటర్లకు కత్తిరించాలి. పొడుగ్గా వదిలేసిన కొసల వల్లే ఎక్కువ షార్ట్‌లు వస్తాయి.

స్పర్శ కాదు, దెబ్బ

ధరించే ఎలక్ట్రానిక్స్‌లో అందరూ ముందు స్పర్శ సెన్సర్ వైపు మొగ్గుతారు. లోహపు పోగులతో ఒక బుటా నేసి, వేలు తాకినప్పుడు పెరిగే కెపాసిటెన్స్‌ను (విద్యుదావేశం నిలుపుకునే గుణాన్ని) 1 మెగాఓం రెసిస్టర్ ద్వారా చిప్పుతో కొలవడం ఆ పద్ధతి. పొడి గదిలో ముచ్చటగా పనిచేస్తుంది. శ్రీకాకుళం తీరపు వానాకాలంలో, పైగా చెమట పట్టిన ఒంటి మీద, చతికిలపడుతుంది. కారణం పత్తే. మామూలు గాలిలోనే పత్తి తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది. తడిస్తే బుటాకూ మైనస్ పోగుకూ మధ్య బట్ట నిరోధం 5 లక్షల ఓంల దిగువకు పడిపోవచ్చు. 1 మెగాఓం గుండా వచ్చే కరెంటు అంతా అటే కారిపోతుంది, పిన్ను వోల్టేజి మూడో వంతు దాటదు, చిప్పు ఎదురుచూసే సగం వోల్టేజికి ఎప్పటికీ చేరదు. ప్రోగ్రాంలో గడువు పెట్టకపోతే అక్కడే ఆగిపోతుంది. శాలువాలాంటి వాటికి రెసిస్టర్‌ను 220 కిలోఓంలకు తగ్గించి, బుటాను మైనస్ నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో పెట్టి నెట్టుకురావచ్చు. ఆటగాడి నడుముకు వద్దే వద్దు.

తప్పెటే ఉండగా వేరే సెన్సర్ వెతకడం దండగ. 27 మిల్లీమీటర్ల పీజో బిళ్లను (అదురును వోల్టేజిగా మార్చేది) తప్పెట లోపలి అంచుకు, చెయ్యి తగలని చోట, అంటించాలి. మధ్యలో పెడితే రేకు ఎక్కువగా ఊగి అతుకు ఊడుతుంది. దెబ్బ పడగానే బిళ్ల చాలా వోల్టులు పుట్టిస్తుంది కాబట్టి నేరుగా చిప్పుకు కలపకూడదు. బిళ్ల నుంచి 1 మెగాఓం ద్వారా పిన్నుకు, పిన్ను నుంచి 100 కిలోఓంలు మైనస్‌కు కలపాలి. పక్కనే 1 నానోఫారడ్ కెపాసిటర్ ఉంటే రీడింగ్ నిలకడగా ఉంటుంది. చిప్పు ఏటీటైనీ85, ప్రోగ్రాం నింపుకునే చిన్న మైక్రోకంట్రోలర్. దాని లోపలి 1.1 వోల్టుల రిఫరెన్స్‌నే (కొలతకు ఆధారమయ్యే వోల్టేజినే) వాడాలి. సెల్లు వోల్టేజిని రిఫరెన్స్‌గా తీసుకుంటే సెల్లు తగ్గే కొద్దీ అదే దెబ్బకు అంకె పెరుగుతూ పోతుంది. చిప్పు పిన్ను ఒక్కటే 30 మిల్లీ ఆంపియర్లు మోయడం మంచిది కాదు. 1 కిలోఓం రెసిస్టర్ గుండా బీసీ547 ట్రాన్సిస్టర్‌కు చెప్పి, అది మైనస్ అంచును కలిపేలా చేయాలి.

ప్రోగ్రాం కోసం కొలిచి తేల్చుకోవాల్సింది ఒకే ఒక్క అంకె: రీడింగ్ ఎంత దాటితే దెబ్బగా లెక్కించాలనే హద్దు. ఆటగాడు తప్పెట కొట్టకుండా గజ్జెలతో గంతులు వేయాలి. ఆ అదురుకు వచ్చిన అతి పెద్ద రీడింగ్ 120 అయితే హద్దును 180 దగ్గర పెట్టాలి, అంటే ఒకటిన్నర రెట్లు. ఈ పని లేకుండా హద్దును ఊహించి పెడితే అడుగు వేసిన ప్రతిసారీ కట్టు వెలుగుతుంది, దెబ్బకూ దీపానికీ పొంతన పోతుంది. హద్దు దాటగానే 5 మిల్లీ సెకన్ల పాటు గరిష్ఠాన్ని చూసి, దాన్నిబట్టి వెలుగు తీవ్రత నిర్ణయించి, 100 మిల్లీ సెకన్లలో తగ్గించాలి. ఒక దెబ్బ తర్వాత 60 మిల్లీ సెకన్లు ఏమీ వినకూడదు, లేకపోతే రేకు మోతనే రెండో దెబ్బగా లెక్కిస్తుంది. జోరు మీద సెకనుకు ఎనిమిది దెబ్బలు పడినా మధ్య విరామం 125 మిల్లీ సెకన్లు కాబట్టి ఒక్కటీ జారిపోదు. దీపాలు తమంతట తాము రకరకాలుగా మెరిసే ప్రోగ్రాంలు రాయడం తేలిక, ఇక్కడ అవి అనవసరం. తాళం ఆటగాడి చేతిలో ఉండాలి. మెల్లగా కొడితే మసగ్గా, గట్టిగా కొడితే కాంతిగా వెలిగితేనే అది ఆటలో భాగమవుతుంది.

పెట్టె, ఉతుకు, పేరు

తప్పెటగుళ్లలో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు, నేల మీదికి వంగుతారు. అందుకే చదునైన లిథియం బ్యాటరీ ఎంత తేలికైనా వద్దు. నలిగితే, గుచ్చుకుంటే అది మండగలదు. మూడు ట్రిపుల్ ఏ సెల్లు గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టినా పెద్ద బరువేమీ కాదు. పెట్టె నుంచి తప్పెటకు వెళ్లే తీగ మెత్తటి సిలికాన్ తొడుగుది అయి, లాగితే ఊడిపోయే రెండు పిన్నుల కనెక్టర్‌తో ఉండాలి. బిగించి కట్టేస్తే తెగేది బట్టే.

కట్టు కొసలు పెట్టెకు కలిసే చోట టిచ్ బటన్లు వేయాలి, కొసకు రెండు. ప్లస్ వైపు బటన్ల మగభాగం, మైనస్ వైపు ఆడభాగం బట్టకు కుట్టుకుంటే తిరగేసి పెట్టే అవకాశమే ఉండదు. ఇనుప బటన్లు సముద్రపు గాలికి నెలల్లో తుప్పు పడతాయి. ఇత్తడివి తీసుకోవాలి. కట్టును ముడి వేయకూడదు. ముడిలో స్టీలు పోగు మెలిపడి విరుగుతుంది.

పెట్టె విప్పేశాక బట్ట మామూలు బట్టే. కుంకుడురసంతోనో మెత్తటి సబ్బుతోనో చేత్తో పిసికి, పిండకుండా నీడలో ఆరేయాలి. బండకేసి బాదితే ఎల్‌ఈడీ కాళ్లు విరుగుతాయి. బ్లీచింగ్ వేయకూడదు, స్టీలుకు కూడా క్లోరిన్ పడదు. పూర్తిగా ఆరిందని మీటరుతో తేల్చుకోవాలి: రెండు అంచుల మధ్య, ఎల్‌ఈడీలు వెలగని దిశలో పెట్టి చూస్తే, నిరోధం లక్ష ఓంలు దాటకపోతే ఇంకా తడి ఉన్నట్టు.

ఖాదీ పేరు విషయంలో ఒక మాట. 1956 నాటి చట్టం ప్రకారం ఖాదీ అంటే మన దేశంలో చేత్తో వడికిన నూలు, పట్టు, ఉన్నితో చేమగ్గం మీద నేసిన బట్ట. మిల్లులో తయారైన స్టీలు పోగు అందులో ఎక్కడా లేదు. కాబట్టి స్టీలు పడుగు ఉన్న కట్టును ఖాదీ ముద్రతో అమ్మాలనుకునేవాళ్లు ముందు ఆ గుర్తింపు ఇచ్చే సంస్థను అడిగి తీరాలి. అంత దూరం వెళ్లకుండా ఉండాలంటే స్టీలు పోగులు, జాందానీ చేతులు అన్నీ 12 సెంటీమీటర్ల పట్టీలోనే విడిగా నేసుకుని, దాన్ని అచ్చమైన ఖద్దరు కట్టు మీద పొడవాటి టాకాలతో తగిలించుకోవచ్చు. పట్టీ పాడైతే టాకాలు విప్పి కొత్తది వేసుకోవచ్చు. కింది ఖద్దరు ఖద్దరుగానే ఉంటుంది.